అయ్యో బటన్

ఆవిరి గొట్టం బుస్సుమనేసరికి మాస్టారు పీటతో సహా గోడకి జరిగారు. ఎదురుగా దుప్పట్ల బండి వస్తోంది. తోసేవాడి తల కనపడదు, దుప్పట్ల కింద రెండు కాళ్లు మాత్రం కనపడతాయి. బండి దాటిపోయాక ఆయన పీటని మళ్లీ చంకలో ఇరికించుకుని తూకం వైపు నడిచారు. నాలుగు కాళ్ల చెక్క పీట అది. ఒక కాలు కాస్త కురచ. దాని కింద మడిచి పెట్టే గుడ్డముక్క ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. అది అరిగి అరిగి కాగితంలా పల్చబడింది. కొత్తది పెట్టుకోవాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నారు. చుట్టూ గుట్టలకొద్దీ గుడ్డలున్న చోట ఒక్క ముక్కకి అంత కరువేమిటని అడిగితే జేబు తడుముకుని నవ్వేస్తారు.

అది బట్టలుతికే కర్మాగారం. ఆసుపత్రుల నుంచి, హోటళ్ల నుంచి మూటలు వస్తాయి. గుమ్మంలోనే పెద్ద తూకం. మూట తూకం మీద పడగానే అది ఎక్కడి నుంచి వచ్చిందో కంప్యూటర్లో నొక్కాలి. ఏ యంత్రంలోకి వెళ్లాలో రాసి ఉన్న చీటీ బయటికొస్తుంది, దాన్ని మూటకి కట్టాలి. ఆపరేషన్ గది గుడ్డలు మరిగే నీళ్ల యంత్రంలోకి, పసిపిల్లల వార్డువి ఘాటు మందులు లేని యంత్రంలోకి, హోటల్ దుప్పట్లు ఇంకోదాంట్లోకి. చీటీ తప్పితే మూట దారి తప్పుతుంది. ఆ కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాము మాస్టారు రాసింది.

మొదట్లో ఇక్కడివాళ్లకి మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆయనే కాబట్టి ఎదురుగా "మాస్టారూ" అంటారు. చాటున "పీటాయన" అంటారు. రెండోది కూడా ఆయనకి తెలుసు, తెలియనట్టే ఉంటారు. మేడ మీద ఆయనకో గది, గదిలో చేతులున్న కుర్చీ ఉన్నాయి గానీ అందులో ఆయన కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. ఎవరైనా తెర బాగాలేదంటే చాలు, పీట చంకన పెట్టుకుని వచ్చి వాళ్ల పక్కన వేసుకుని, "ఏదీ, ఏం కావాలో చెప్పండి" అంటారు. ఆ పీట ఇంకెవరికీ ఇవ్వరు. ఒకసారి మేనేజరు అలవోకగా దాని మీద కూర్చోబోతే, "ఊగుతుందండీ, పడతారు" అని లాగేసుకున్నారు.

రేపు పొద్దున్నుంచి కొత్త సిస్టమ్. పాత ప్రోగ్రాముకీ మాస్టారి ఉద్యోగానికీ కలిపి ఇవాళే ఆఖరు. సభ, దండలు వద్దని ఆయన ముందే బతిమాలుకున్నారు.

తూకం దగ్గర పీట వేసుకుని, గడ్డం గీసుకునే బ్రష్షుతో కంప్యూటర్ వెనక పేరుకున్న దూది నూగు దులపడం మొదలుపెట్టారు. ఇది రోజూ చేసే పనే. పైపెట్టె రంగు వెలిసి పసుపుపచ్చగా మారింది. ఈ ప్రోగ్రాము కొత్త కంప్యూటర్ల మీద నడవదు. అందుకని పాత సామాన్ల దుకాణాల్లో వెతికి వెతికి తెచ్చిన భాగాలతో దీన్ని నిలబెట్టుకొస్తున్నారు.

"ఇవాళ కూడా దులపాలా మాస్టారూ?" అంది తూకం అక్క. వయసులో ఆయన కంటే చాలా చిన్నది, కానీ అందరికీ అక్కే. మూటల్ని లాగి లాగి మణికట్లు లావెక్కాయి.

"సాయంత్రం దాకా ఊపిరి తీసుకోవాలిగా" అన్నారు మాస్టారు.

ఆయన ఈ పని నేర్చుకున్న రోజుల్లో ఈ ప్రోగ్రాము రాసిన సాఫ్ట్‌వేర్ పనిముట్టుకున్న పేరు అంతా ఇంతా కాదు. దాన్ని నేర్పిస్తామని వీధి వీధినా బోర్డులుండేవి. తెరకి ఎడమ పక్క ఒక చిన్న పెట్టె, అందులో బటన్లు, గళ్లు, జాబితాలు. కావలసినదాన్ని మౌస్‌తో పట్టుకుని, ఖాళీగా ఉన్న తెర మీదకి లాగి వదలడమే. దాని మీద రెండుసార్లు నొక్కితే వెనకాల రాసుకునే చోటు తెరుచుకుంటుంది. ఏం జరగాలో నాలుగు ముక్కలు రాసి నడిపిస్తే బటన్ పనిచేస్తుంది. చదువు పెద్దగా లేనివాళ్లు కూడా పక్కన కూర్చుని చూసి, "ఇదా, ఇంతేనా!" అనేవారు. మాస్టారు సరిగ్గా ఆ మాట కోసమే బతికారని చెప్పొచ్చు.

తర్వాత దాన్ని చేసినవాళ్లే దాన్ని వదిలేశారు. వీధుల్లో బోర్డుల మీద వేరే పేర్లు వచ్చాయి. తోటివాళ్లు తలా ఒకటి నేర్చుకుని వేరే కొలువులకి వెళ్లిపోయారు, కనపడినప్పుడల్లా "ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా?" అని ఆటపట్టించేవారు. మాస్టారు కూడా రెండు మూడు కొత్తవి నేర్చుకున్నారు. ఒంటబట్టలేదంటే అబద్ధం, బాగానే వచ్చాయి. కానీ వాటితో పని చేస్తుంటే, పక్కనున్న మనిషి అడిగింది టీ చల్లారే లోపల తెర మీద కనపడేది కాదు. రేపో ఎల్లుండో కనపడేది. అప్పటికి అడిగిన మనిషి మొహంలో ఆ వెలుగు ఉండేది కాదు. ఆయనకి నచ్చనిది అదొక్కటే.

పీట ఈ గుమ్మంలోకి వచ్చింది కూడా ఆ తొలి రోజుల్లోనే. తూకం దగ్గర ఒకే కుర్చీ ఉండేది, అందులో ఒక అమ్మాయి ఉండేది. మాస్టారు మేడ మీద కూర్చుని తెర తయారుచేసి పంపిస్తే, ఇది బాగాలేదు, అది బాగాలేదు అని ఆ అమ్మాయి మూడు రోజులు కబురు మీద కబురు పంపింది. ఈయన విసిగిపోయి, గోదాములో మూలపడిన పీట తెచ్చుకుని ఆమె పక్కనే చతికిలబడ్డారు. "అక్షరాలు ఇంత చిన్నవైతే ఎలాగండీ, నా కళ్లు ఎలా ఉన్నాయో ఎప్పుడైనా చూశారా?" అందట. చూశారు. ఆ తర్వాత తెర పని ఉన్నదాని కంటే చాలా నిదానంగా సాగిందని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ అమ్మాయే అడిగింది, తప్పు నొక్కినప్పుడు వెనక్కి తీసుకోవడానికి ఒక బటన్ కావాలని. దాని మీద ఏం రాయమంటారని ఈయన అడిగితే, "తప్పు నొక్కగానే నా నోట్లోంచి ముందు వచ్చేది అయ్యో. అదే రాయండి, వెతుక్కోనక్కర్లేదు" అంది. ఆ పనిముట్టుకి అప్పట్లో మన అక్షరాలు రావు. మాస్టారు ఆ మాటని బొమ్మగా గీసి బటన్ మీద అంటించారు. ఆ పైన కొన్నాళ్లకి వాళ్ల పెళ్లి అయింది.

టెంపో వచ్చి ఆగింది. మూటలు దిగాయి. అక్క ఒక మూటని తూకం మీదకి ఈడ్చి, తెర మీద నొక్కి, నాలుక్కరుచుకుంది. హోటల్ మూటకి ఆసుపత్రి అని పడింది. ఆమె మౌస్‌ని బరువు అంకె కిందకి జరిపింది. అక్కడ ఏమీ లేదు, ఉత్త బూడిదరంగు. ఆ ఖాళీ చోట నొక్కగానే తప్పు నమోదు చెరిగిపోయింది. అంకె వెనక్కి తిరిగింది. మళ్లీ సరిగ్గా నొక్కింది. కొత్త చీటీ వచ్చింది.

మాస్టారి చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"అమ్మా, ఇది కొత్తదాంట్లో ఉందా?"

అక్క చీటీ కడుతూ తల ఎత్తలేదు. "లేదు మాస్టారూ. మొన్న నేర్పించేటప్పుడు తప్పు నొక్కితే సూపర్‌వైజర్ ఫోన్ మోగింది. ఆయనొచ్చి, ఎందుకు తప్పావు, ఎలా తప్పావు అని నా పేరు మీద రాసుకున్నాక గానీ ముందుకి కదల్లేదు. ఈలోగా మూటలు గేటు దాకా పేరుకున్నాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీకు తెలియదా ఏంటి?" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "ఇక మీదట ఎవరు తప్పు నొక్కినా నోరు మూసుకుని చీటీ కట్టేస్తారు. నేనైనా అంతే చేస్తానేమోనని నాకే భయంగా ఉంది. పసిపిల్లల గుడ్డలు ఎందులో పడతాయో ఏమో."

సంగతేమిటంటే, ఆ బటన్ కనపడకుండా పోయి చాలా ఏళ్లయింది. ఎవరో పెద్ద ఆసుపత్రి వాళ్లు కర్మాగారం చూడ్డానికి వస్తున్న రోజు, అప్పటి మేనేజరు తెర చూసి అదిరిపడ్డాడు. "అయ్యో ఏమిటండీ, అయ్యో! మనం ఏడ్చుకుంటూ ఉతుకుతున్నామనుకుంటారు. తీసేయండి" అన్నాడు. మాస్టారు తీసేశారు. తీసేయగానే ప్రోగ్రాము మొరాయించింది, ఎందుకంటే మిగతా బటన్లలో సగం దాని వెనక రాసిన ముక్కల మీదే ఆధారపడ్డాయి. గేటు దగ్గర కారు ఆగుతోంది. ఆయన బటన్‌ని మళ్లీ తెచ్చి పెట్టి, పేరు చెరిపి, అంచులు తీసేసి, వెనకున్న బూడిదరంగే దానికీ పూసి, రేపు తీరిగ్గా సరిచేద్దామనుకున్నారు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరూ చేసే పనే అది, అందరికీ ఆ రేపు రాని మాట కూడా నిజమే. మర్నాడు తూకం దగ్గర ఆయన భార్య అలవాటు కొద్దీ ఆ ఖాళీ చోట నొక్కితే అది పనిచేసింది. ఎవరికీ చెప్పొద్దని అందరికీ చెప్పింది. అప్పటి నుంచి తూకానికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ పాతవాళ్లు ముందుగా నేర్పేది, ఏమీ లేని చోట ఎలా నొక్కాలో.

కొత్త సిస్టమ్ వాళ్లు వచ్చి తెరలన్నీ చూసి రాసుకున్నారు, వాళ్లకి అక్కడ ఖాళీయే కనపడింది. మాస్టారు అప్పగింత కోసం బటన్లన్నిటి గురించీ వివరంగా చెప్పారు, తెర చూసుకుంటూ చెప్పారు. కనపడనిది ఆయనకీ గుర్తురాలేదు.

ఆయన మేడ మెట్లు ఎక్కుతూ ఆయాసపడ్డారు. కొత్త సిస్టమ్ చూసుకునే మేడమ్ మూడు తెరల మధ్య కూర్చుని ఉంది. ముప్పై అయిదు దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. మాస్టారు చెప్పింది మొత్తం అడ్డు తగలకుండా విన్నది.

"సార్, మీరు చెప్పేది అర్థమైంది. కానీ తప్పు జరిగితే జరిగినట్టు తెలియాలి కదా. ఎవరికి వాళ్లు చెరిపేసుకుంటూ పోతే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎవర్ని అడుగుతాం?"

ఆవిడ అన్నది సబబే. ఆయన బటన్ తప్పుని ఆనవాలు లేకుండా మింగేస్తుంది. ఇన్నేళ్లలో ఆయన ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

"పైగా రేపే మొదలు" అంది మేడమ్. "ఇవాళ ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దని మా వాళ్లందరికీ చెప్పింది నేనే."

"ఒక్కసారి కిందకొచ్చి చూడండమ్మా."

"భోజనాలయ్యాక చూస్తాను సార్" అంది. ఆ మాట మర్యాదకి అన్నదో నిజంగా అన్నదో ఆయనకి తెలియలేదు.

మాస్టారు డబ్బా ముందు పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశారు. విషయం విని భార్య పకపకా నవ్వింది.

"బాగుందండీ, అన్నీ అప్పగించి నా బటన్‌ని గాలికొదిలేసి వచ్చేద్దామనుకున్నారా?"

"నవ్వకు. చెప్తే ఆవిడ ఒప్పుకోలేదు."

"చెప్తే మీరు మాత్రం ఒప్పుకున్నారా? మూడు రోజులు మొత్తుకున్నాను. వచ్చి పక్కన కూర్చున్నాక కదా బుర్రకెక్కింది. మీరు నిలబడి, పీట ఆవిడకివ్వండి."

"పీటా?"

"ఆ, పీటే. అదేమన్నా సింహాసనమా?"

మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు.

మేడమ్ నిజంగానే వచ్చింది. సరిగ్గా ఆసుపత్రి టెంపోలు వరసగా దిగే వేళకి వచ్చింది. మాస్టారు పీట జరిపి, "కూర్చోండమ్మా" అన్నారు. అక్క ముక్కున వేలేసుకుంది.

"ఊగుతోంది సార్" అంది మేడమ్ కూర్చుంటూ. ఆయన జేబులోంచి గుడ్డముక్క తీసి కురచ కాలి కింద పెట్టారు. ఊగడం తగ్గలేదు. సిగ్గుపడి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

కాసేపు ఆవిడ ఊరికే చూసింది. మూటలు పడుతున్నాయి, తడివి, పొడివి, వాసన వచ్చేవి. డ్రైవర్లు తొందరపెడుతున్నారు. అక్క ఒక చేత్తో మూట లాగుతూ ఇంకో చేత్తో నొక్కుతోంది. చూసి చూసి మేడమ్, "నేను నొక్కుతాను, మీరు మూటలు చూసుకోండి" అంది. మొదట బాగానే నొక్కింది. తర్వాత రెండు మూటలు ఒకేసారి వచ్చాయి, ఒక డ్రైవరు అరిచాడు, ఆవిడ అటు తిరిగి ఇటు నొక్కింది. ఆపరేషన్ గది మూటకి పసిపిల్లల వార్డు చీటీ బయటికొచ్చింది.

"అయ్యో!" అంది మేడమ్.

గుమ్మమంతా గొల్లుమని నవ్వింది. తూకం దగ్గర నిలబడ్డ డ్రైవరుకి ఎందుకో తెలియకపోయినా అతనూ నవ్వాడు. ఆవిడ ముందు కంగారుపడింది, తర్వాత తెర మీద అటూ ఇటూ వెతికింది. అక్క తన చెయ్యి ఆవిడ చేతి మీద వేసి, మౌస్‌ని ఆ ఖాళీ చోటికి తీసుకెళ్లింది.

"ఇక్కడ నొక్కండమ్మా."

అంకె వెనక్కి తిరిగింది. మేడమ్ సరైన చీటీ తీసి, తప్పు చీటీని చేతిలోనే పట్టుకుని దాని వంక చూస్తూ ఉండిపోయింది.

"ఇలా తరచూ అవుతుందా?" అని అడిగింది.

అక్క మాస్టారి వైపు చూసింది. ఆయన పరవాలేదన్నట్టు తలాడించారు. "మనసు ఇక్కడ లేని రోజు ఎక్కువవుతాయండీ. మా అమ్మకి ఒంట్లో బాగోలేనప్పుడు ఇంకా ఎక్కువ."

"మరి మేం వచ్చినప్పుడు చెప్పలేదేం?"

"మీరు రాసుకుంటున్నారు కదండీ" అంది అక్క.

మేడమ్ ఆ తప్పు చీటీతోనే మేడెక్కింది. అక్క మొహం వాడిపోయింది. "పొరపాటున ఎక్కువ చెప్పేశానా మాస్టారూ?" అంది. ఆయనకీ అదే భయంగా ఉంది. మెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు, కాళ్లు లాగుతున్నా పీట మీద కూర్చోలేదు.

అంతలో ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకుని దిగి వచ్చింది. నేరుగా వచ్చి పీట మీద కూర్చుంది.

"ఇది ఎక్కడ ఉంటే మీకు వీలుగా ఉంటుంది?" అని అక్కని అడిగింది. అక్క వేలు తెర మీద అదే చోటుకి వెళ్లింది, బరువు అంకె కిందకి.

మాస్టారు ఆవిడ వెనక నిలబడి చూశారు. లాగడం లేదు, వదలడం లేదు. వరసలకి వరసలు రాసుకుంటూ పోతోంది, మధ్యలో మేడ మీద వాళ్లకి ఫోన్ చేసి సరిచూసుకోమంటోంది. ఒకసారి తప్పొస్తే విసుక్కుని మళ్లీ మొదలుపెట్టింది. ఆయన పనిముట్టుతో అయితే ఎప్పుడో అయిపోయేది. ఆవిడ రెండు టీలు చల్లారిపోయాయి. కానీ ఆవిడ లేవలేదు. చల్లారిన టీయే తాగి, "తర్వాతి మూట తూకం మీద పడేదాకా వెనక్కి తీసుకోవచ్చమ్మా, ఎవరూ అడగరు. తప్పు జరిగిందని మాత్రం లోపల గుర్తు ఉంటుంది, నొక్కినవాళ్ల పేరు ఉండదు. తెర మీద ఏ రెండు చోట్ల పేర్లు పక్కపక్కన ఉంటే చెయ్యి తప్పుతోందో మాకు తెలుస్తుంది, వాటిని దూరంగా జరుపుతాం. సరేనా?" అంది.

మాస్టారు ఒక్క క్షణం నోరెళ్లబెట్టారు. తప్పుని దాచడమూ కాదు, తప్పు చేసినవాళ్లని పట్టుకోవడమూ కాదు. "చాలా బాగుంది. నాకు తట్టలేదు" అన్నారు. ఆయనకి కొంచెం అసూయ కలిగింది, అంతకంటే ఎక్కువగా సంతోషం కలిగింది.

మేడమ్ బటన్ మీద "రద్దు" అని కొట్టింది. అక్క, మాస్టారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ వెనక్కి తిరిగి ఇద్దరి మొహాలూ చూసి, నవ్వేసి, ఆ మాట చెరిపేసింది. "అయ్యో" అని కొట్టింది. కొత్త తెర మీద అది నారింజరంగులో, గుమ్మం అవతలి నుంచి చూసినా కనపడేలా వచ్చింది.

"ఇదా, ఇంతేనా!" అంది అక్క. ఆమె మొహంలోకి చూసి మాస్టారు గబుక్కున తల తిప్పుకున్నారు.

ఆఖరి మూట వెళ్లిపోయింది. ఆవిరి గొట్టాలు చల్లబడుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. మాస్టారు వంగి పాత ప్రోగ్రాముని మూయబోయారు. ఎప్పుడో ఆయనే గీసి పెట్టిన చిన్న గడి తెర మధ్యలోకి వచ్చింది. "వెళ్తున్నారా?" అని అడిగింది. కింద రెండు బటన్లు, "అవును", "కాదు". ఇన్నేళ్లలో ఆ ప్రశ్నని ఆయన ఒక్కసారీ సరిగా చదవలేదు. బాధ కలిగింది. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకోవాల్సినంత కలిగింది. మౌస్ కాసేపు అటూ ఇటూ ఊగింది, తర్వాత "అవును" మీద ఆగింది. తెర నల్లబడింది. వెనక ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి తిరిగి ఊరుకుంది. అక్క తన పైట చెంగుతో ఆ పెట్టె మీద దుమ్ము ఒక్కసారి తుడిచింది.

గేటు బయట భార్య నిలబడి ఉంది.

"అప్పగించారా?"

"అప్పగించాను. నీ మాట మళ్లీ తెర మీదకి వచ్చింది. నారింజరంగులో."

ఆవిడ నవ్వింది. నాలుగడుగులు నడిచాక మాస్టారు అలవాటు కొద్దీ చంక తడుముకున్నారు. చంక ఖాళీగా ఉంది. జేబు తడుముకుంటే అరిగిపోయిన గుడ్డముక్క చేతికి తగిలింది. రేపు మేడమ్ కూర్చుంటే ఊగుతుందే అనుకుంటూ, గుడ్డ చేతిలో పట్టుకుని ఆయన గబగబా వెనక్కి వెళ్లారు, గేటు ఊచల మధ్య నుంచి లోపలికి చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు. తూకం పక్కన, అక్క కుర్చీని ఆనుకుని పీట ఉంది, దాని కురచ కాలి కింద ఎవరో తెల్లటి కొత్త గుడ్డ దళసరిగా మడిచి పెట్టారు.